సీబీపీ రిపోర్టులో ఎవరూ చదవని ఐదు పేర్లు

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ జ్వరమని డాక్టరు దగ్గరికి వెళ్తే చేతికొచ్చే మొదటి కాగితం సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్) రిపోర్టు. అందులో హిమోగ్లోబిన్ ఎంతో అందరూ చూసుకుంటారు. డెంగీ సీజన్‌లో అయితే కళ్లు నేరుగా ప్లేట్‌లెట్ల మీదికే పోతాయి. వాటి మధ్య ‘డిఫరెన్షియల్ కౌంట్’ అనే మాట కింద ఐదు రకాల తెల్ల రక్తకణాల పేర్లుంటాయి: న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్, మోనోసైట్స్, ఇస్నోఫిల్స్, బేసోఫిల్స్. పక్కన బాణం గుర్తు కనిపిస్తే తప్ప వాటి జోలికి ఎవరూ పోరు. తన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ గురించి మామూలు మనిషి చేతికి అందే సమాచారం చాలావరకు ఆ ఐదు వరసల్లోనే ఉంది.

ఆ వరసలు చదవడం అలవాటైతే ఇంకో సంగతి కూడా తేలుతుంది. కోవిడ్ తర్వాత ‘ఇమ్యూనిటీ’ అనేది మేడమీద ట్యాంకులో నీళ్లలాంటిదైపోయింది. తగ్గితే నింపుకోవాలి, నిండితే ధీమాగా ఉండాలి. కషాయం పొడి నుంచి పిల్లల సిరప్ దాకా ప్రతి డబ్బా మీదా పెంచుతామనే రాసి ఉంటుంది. ఏది పెంచుతారో మాత్రం ఉండదు. న్యూట్రోఫిల్సా? పెరిగితే డాక్టరు ఇన్‌ఫెక్షన్ ఎక్కడుందా అని వెతుకుతాడు. ఇస్నోఫిల్సా? అవి పెరిగితే దగ్గు, ఆయాసం. ఐజీఈ అనే యాంటీబాడీనా (పరాయి వస్తువులను పట్టుకునే ప్రోటీన్)? అది పెరిగిన ఇంట్లో తుమ్ములు ఆగవు. ఇందులో ఏ ఒక్కటీ ఊరికే పెంచుకోదగ్గది కాదు.

ముందు అంకెల సంగతి. క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో తెల్ల రక్తకణాలు సుమారు 4,000 నుంచి 11,000 వరకు ఉంటాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ 40 నుంచి 70 శాతం, లింఫోసైట్లు 20 నుంచి 40 శాతం. మిగతా మూడు రకాలూ కలిపినా పది శాతం అటూ ఇటూ. ఇక్కడే చాలామంది పొరబడతారు. శాతాలన్నీ కలిస్తే వంద కావాలి కాబట్టి ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గినట్టు కనిపించి తీరుతుంది. మొత్తం కౌంట్ 14,000 ఉండి లింఫోసైట్లు 12 శాతమే ఉంటే పక్కన కిందికి బాణం పడుతుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. లెక్క కడితే అవి 1,680 ఉన్నాయి. అంటే మామూలే. పెరిగినవి న్యూట్రోఫిల్స్.

ఇంకో చిక్కు కూడా ఉంది. రక్తం ఈ కణాలకు దారి మాత్రమే. శరీరంలోని లింఫోసైట్లలో ఏ సమయంలోనైనా రక్తంలో ఉండేవి రెండు శాతం దాకానే. మిగతావన్నీ లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో, పేగు గోడల్లో, ఎముక మూలుగలో ఉంటాయి. విజయవాడ జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లను లెక్కపెట్టి ఊళ్లో ఏ పేటలో ఎంతమంది ఉన్నారో చెప్పలేం కదా. సీబీపీ కూడా అంతే. ఎవరు ప్రయాణంలో ఉన్నారో చెబుతుంది. ఆ మాత్రం తెలిసినా చాలాసార్లు సరిపోతుంది, ఎందుకంటే ఎక్కడో గొడవ జరిగితేనే ప్లాట్‌ఫారం మీద రద్దీ మారుతుంది.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి నీళ్లలో నడిచే మనిషి కాలికి ఒక తుప్పు మేకు గుచ్చుకుందనుకుందాం. చర్మం ఉన్నంతసేపు లోపలివాళ్లకు పెద్దగా పని ఉండదు. దాని పై పొర చచ్చిన కణాల దొంతర, చెమట పుల్లన, నూనె జిడ్డు. చాలా సూక్ష్మక్రిములకు అక్కడ దిక్కూ మొక్కూ లేదు. అయితే రోజంతా నీళ్లలో నానిన పాదం మెత్తబడి, పగిలి, మేకు అక్కర్లేకుండానే దారి ఇస్తుంది.

మేకుతో పాటు బ్యాక్టీరియా లోపలికి వెళ్లగానే మొదట ఎదురయ్యేవి అక్కడే కాపురముండే మాక్రోఫేజ్‌లు. పేరుకు అర్థమే పెద్ద తిండిపోతు. రక్తంలోని మోనోసైట్ కణజాలంలోకి దిగి స్థిరపడితే మాక్రోఫేజ్ అవుతుంది. కొన్ని పుట్టకముందు నుంచే అక్కడ పాతుకుపోయి ఉంటాయి. కాలేయంలో, ఊపిరితిత్తుల గాలి గదుల్లో, మెదడులో వేర్వేరు పేర్లతో ఉండేవి వీటి బంధువర్గమే. ఒక కణం ఇంకో కణాన్ని మింగడం రక్షణ కోసమేనని మొదట పట్టుకున్నవాడు ఎలీ మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లలకు చిన్న ముల్లు గుచ్చి, కణాలు దాని చుట్టూ మూగడం చూశాడు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు.

మాక్రోఫేజ్ కొన్నింటిని మింగుతుంది, తనవల్ల కానప్పుడు సైటోకైన్లనే రసాయన కబుర్లు పంపుతుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు వదులవుతాయి. మనకు కనిపించే ఎరుపు, వేడి, వాపు, నొప్పి అక్కడి నుంచే. కబురు మెదడు దాకా వెళ్తే అక్కడ ఒంటి వేడి నియంత్రించే చోట ప్రోస్టాగ్లాండిన్ తయారై జ్వరం వస్తుంది. పారాసెటమాల్ చేసే పని ఆ ఒక్క మెట్టును తగ్గించడమే, క్రిములతో దానికి సంబంధం లేదు. కాలేయానికి కబురు అందితే సీఆర్‌పీ అనే ప్రోటీన్ పెరుగుతుంది. కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ వినిపించిన సీఆర్‌పీ టెస్టు ఇదే. కాలేయంలోనే తయారయ్యే కాంప్లిమెంట్ ప్రోటీన్లు ముప్పైకి పైగా ఉన్నాయి. అవి ఒకదాన్నొకటి నిద్రలేపుకుంటూ బ్యాక్టీరియా పొరకు చిల్లులు పొడుస్తాయి, మింగేవాళ్లకు ఆనవాలు అంటిస్తాయి.

ఆ తర్వాత గంటల్లోనే న్యూట్రోఫిల్స్ దిగుతాయి. పెద్దవాళ్ల ఎముక మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ తయారు చేస్తుంది. రక్తంలో అవి బతికేది ఒక్క రోజు అటూ ఇటూ. నాళం గోడ సందుల్లోంచి దూరి, క్రిములను మింగి, విషరసాయనాలు విడిచి, చివరికి తమ డీఎన్‌ఏనే వలలా బయటికి విసిరి కూడా పట్టుకుంటాయి. ఈ వల సంగతి 2004లో గానీ బయటపడలేదు. పుండులోంచి వచ్చే చీము చాలావరకు చచ్చిపోయిన న్యూట్రోఫిల్సే. చీము పట్టిందంటే ఒంట్లో చెడు రక్తం ఉందని పెద్దవాళ్లు అనేవారు. అది పని జరిగిన చోటు మిగిలిన చెత్త. దాన్ని బయటికి తీయాల్సిందే గానీ, రక్తంలో లోపమేమీ లేదు.

మాక్రోఫేజ్‌ల తిండి గురించి ఒక పక్కమాట. అమ్మమ్మల చేతి మీద పచ్చబొట్టు డెబ్బై ఏళ్లయినా పోకపోవడానికి కారణం ఇవే. సూదితో లోపలికి వెళ్లిన రంగు రేణువులను చర్మంలోని మాక్రోఫేజ్‌లు మింగి కూర్చుంటాయి, అరిగించుకోలేవు. ఒకటి చస్తే దాని కడుపులోని రంగును పక్కది మింగుతుంది. ఎలుకల మీద చేసిన పరిశోధనలో 2018లో ఈ చేతులు మారడం స్పష్టంగా కనిపించింది. తీసుకోవడం, దాచడం, అప్పగించడం. అమ్మమ్మ పుట్టింటి పేరు అలా నిలిచి ఉంటుంది.

మేకు గుచ్చుకున్న రెండో రోజో మూడో రోజో గజ్జలో బిళ్ళ కడుతుంది. కాలికి దెబ్బ తగిలితే గజ్జలో, చేతికి తగిలితే చంకలో బిళ్ళ కడుతుందని పల్లెల్లో ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు. ఆ బిళ్ళే లింఫు గ్రంథి. గాయం దగ్గర ఉన్న డెండ్రిటిక్ కణం బ్యాక్టీరియా ముక్కను ఒంటికి తగిలించుకుని లింఫు నాళం వెంబడి అక్కడికి చేరుతుంది. రాల్ఫ్ స్టైన్‌మన్ 1973లో గుర్తించిన కణం ఇది. 2011లో ఆయనకు నోబెల్ ప్రకటించారు, మూడు రోజుల ముందే ఆయన చనిపోయారని కమిటీకి అప్పటికి తెలియదు. తెచ్చిన ముక్క ఏ లింఫోసైట్‌కు సరిగ్గా అతుకుతుందో తేలే చోటు ఆ గ్రంథి. అలా అతికేది లక్షల్లో ఒకటి. దొరికాక అది విడిపోయి, విడిపోయి వేలు, లక్షలవుతుంది. వారం పట్టేది అందుకే. గ్రంథి ఉబ్బేదీ అందుకే.

ఇక ఇస్నోఫిల్స్. మన దగ్గర ఈ కణానికి ఉన్నంత పేరు ఇంకో దానికి లేదు. దుమ్ము పడితే తుమ్మేవాళ్లందరినీ ‘వాడికి ఇస్నోఫిలియా ఉంది’ అనడం కోస్తా ఇళ్లలో పాత అలవాటు. రిపోర్టులో 1 నుంచి 6 శాతం ఉండే ఈ కణాలు నులిపురుగుల్లాంటి పెద్ద ప్రాణుల మీద పనిచేస్తాయి. మింగలేనంత పెద్దవి కాబట్టి వాటి ఒంటి మీద విషప్రోటీన్లు గుమ్మరిస్తాయి. అవే ప్రోటీన్లు ఊపిరితిత్తుల్లో పడితే ఆయాసం.

ఆ ఇంటి మాట వెనక నిజమైన జబ్బు ఒకటి ఉంది: ట్రాపికల్ పల్మనరీ ఇస్నోఫిలియా. ఫైలేరియా, అంటే బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రక్తంలో చేరినప్పుడు కొందరి శరీరం వాటి మీద అతిగా విరుచుకుపడుతుంది. రాత్రిళ్లు ఆగని దగ్గు, పిల్లికూతలు, ఇస్నోఫిల్స్ 3,000 దాటడం. దీనికి వాడే డైఈథైల్ కార్బమజైన్ 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి బయటికొచ్చింది. అప్పుడు అక్కడి పరిశోధన నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచే మాత్ర కూడా అదే. గోదావరి, కృష్ణా డెల్టాల దోమలు, పురుగులు, దగ్గు, మందు, అన్నీ ఒకే ఊరి చుట్టూ తిరిగి కలిసినట్టు ఉంటుంది ఈ కథ.

తుమ్మంటే గుంటూరు మిర్చి యార్డు గుర్తు రావాలి. సీజన్‌లో టిక్కీలు దించుతుంటే గేటు దాటకముందే ముక్కు మండుతుంది. దీన్ని ఎలర్జీ అనేస్తారు గానీ కాదు. మిర్చిలోని కాప్సైసిన్ నేరుగా నరాల చివర్లలో వేడిని గుర్తించే తాళానికి తగులుకుంటుంది. ఆ తాళాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మంట, తుమ్ము, దగ్గు నరాల పని. కొత్తగా వచ్చినవాడికీ మొదటి నిమిషంలోనే వస్తాయి. ఎలర్జీ అలా రాదు. ముందొకసారి పరిచయం కావాలి. ఆ వస్తువు మీద ఐజీఈ తయారై, చర్మంలో, ముక్కు పొరల్లో కాపురముండే మాస్ట్ కణాల ఒంటికి అంటుకుని ఉండాలి. తర్వాత ఎప్పుడో అదే వస్తువు మళ్లీ తగిలితే మాస్ట్ కణం పగిలినట్టుగా హిస్టమిన్ అనే రసాయనాన్ని చిమ్ముతుంది. సెట్రిజిన్ మాత్ర అడ్డుపడేది ఈ హిస్టమిన్‌కే. కాబట్టి మిర్చి ఘాటుకు సెట్రిజిన్ వేసుకుంటే నిద్ర తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. బేసోఫిల్స్ కూడా హిస్టమిన్ మోసేవే. ఒక శాతం లోపే ఉంటాయి.

లింఫోసైట్లు సూక్ష్మదర్శినిలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, అందుకే రిపోర్టులో ఒకే వరస. లోపల చూస్తే బీ కణాలు, టీ కణాలు, ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు. బీ అనే అక్షరం కోడి నుంచి వచ్చింది. కోళ్లకు తోక దగ్గర బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. దాన్ని తీసేసిన కోళ్లు యాంటీబాడీలు తయారు చేయలేకపోతున్నాయని 1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్ బృందం ప్రకటించింది. ‘సైన్స్’ పత్రిక తిరస్కరిస్తే కోళ్ల పెంపకం పత్రికలో అచ్చయింది. మన పౌల్ట్రీ రైతులకు ఈ బర్సా ఇంకో దారిలో తెలుసు. గంబోరో వైరస్ పాడుచేసేది దాన్నే. ఆ జబ్బు తగిలి తేరుకున్న కోడిపిల్లలకు తర్వాత ఏ టీకా వేసినా సరిగా పట్టదని షెడ్డులో పనిచేసేవాళ్లు చెబుతారు. బీ కణాలు ఎదిగే బడే కూలిపోయాక టీకా ఎవరికి పాఠం చెప్పాలి? మనిషికి బర్సా లేదు. ఆ పని ఎముక మూలుగ చేస్తుంది.

టీ కణాలకు ఆ బడి రొమ్ము ఎముక వెనకున్న థైమస్. అది చిన్నప్పుడు పెద్దగా ఉండి, యుక్తవయసు తర్వాత కుంచించుకుపోతుంది. అక్కడ పరీక్ష కఠినం. చేరిన కణాల్లో నూటికి తొంభై అయిదుకు పైగా అక్కడే చచ్చిపోతాయి. దేన్నీ గుర్తుపట్టలేనివి పోతాయి, సొంత శరీరాన్నే గట్టిగా పట్టుకునేవీ పోతాయి. బయటపడ్డవాటిలో సీడీ8 కణాలు వైరస్ చేరిన కణాలను చంపుతాయి. సీడీ4 కణాలు మిగతా అందరికీ పని పురమాయిస్తాయి. ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లే హెచ్‌ఐవీ రోగులకు ‘సీడీ4 కౌంట్’ అనే మాట కొత్త కాదు. మామూలుగా 500 నుంచి 1,500 మధ్య ఉండేది 200 కిందికి పడితే ఎయిడ్స్ దశ అంటారు. ఒక్క రకం కణం పోతే చాలు, న్యూట్రోఫిల్స్ నిండుగా ఉన్నా క్షయ, నోటిపూత లోపలికి నడిచొస్తాయి. పురమాయించేవాడు లేని పెళ్లిల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

బీ కణం ముదిరి ప్లాస్మా కణమైతే యాంటీబాడీలు పోస్తుంది. ఇవి ఐజీఎమ్, ఐజీజీ, ఐజీఏ, ఐజీఈ, ఐజీడీ అని అయిదు తరగతులు. యాంటీబాడీని కంటితో చూడాలంటే జున్ను చూడాలి. గేదె దూడకు తల్లి కడుపులో ఉండగా యాంటీబాడీలు అందవు. ఈనిన వెంటనే వచ్చే పాలలోనే అవన్నీ ఉంటాయి, దూడ పేగు మొదటి రోజే వాటిని చెక్కుచెదరకుండా లోపలికి తీసుకోగలదు. జున్నుపాలు వేడి తగలగానే గడ్డకట్టడానికి కారణం ఆ ప్రోటీన్లే, వాటిలో పెద్ద వాటా యాంటీబాడీలది. బెల్లం, మిరియాలు వేసి మనం తినేది దూడ వాటా. మన కడుపులో అది మామూలు ప్రోటీన్‌లా అరిగిపోతుంది, రుచి తప్ప రక్షణ రాదు. మనిషి పద్ధతి వేరు. ఐజీజీ మాయ ద్వారా ముందే బిడ్డకు చేరుతుంది. ముర్రుపాలలో ఎక్కువగా ఉండేది ఐజీఏ, అది బిడ్డ పేగు గోడను కాపాడుతుంది. చిక్కగా, పచ్చగా ఉన్నాయని ముర్రుపాలు పిండి పారబోసిన రోజులు మరీ పాతవేమీ కావు.

డెంగీ రిపోర్టు అర్థం కావాలంటే ఈ తరగతులు తెలియాలి. ఎన్‌ఎస్1 వైరస్ సొంత ప్రోటీన్, మొదటి రోజుల్లోనే దొరుకుతుంది. ఐజీఎమ్ నాలుగైదు రోజులకు గానీ రాదు. రెండో రోజు చేయించిన ఐజీఎమ్ నెగెటివ్ అయితే డెంగీ కాదని నిశ్చింత పడటం తప్పు. ఐజీజీ మొదట్లోనే ఎక్కువగా ఉంటే ఇదివరకే ఒకసారి డెంగీ వచ్చిపోయిందని అనుమానించాలి. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకానికి తయారైన యాంటీబాడీలు ఇంకో రకాన్ని అరకొరగా పట్టుకుని, చంపలేక, మాక్రోఫేజ్‌ల లోపలికి స్వయంగా మోసుకుపోతాయి. వైరస్ అక్కడే పెరుగుతుంది. రెండోసారి డెంగీ ప్రమాదకరం కావడానికి ముఖ్య కారణం ఇదే. జ్ఞాపకశక్తి ఎప్పుడూ మేలే చేస్తుందన్న నమ్మకానికి ఇంతకంటే గట్టి ఎదురుదెబ్బ లేదు.

విడాల్ టెస్టు ఇంకో తిప్పలు. 1896 నాటి పద్ధతి. టైఫాయిడ్ క్రిమి మీద యాంటీబాడీలు ఉన్నాయో లేవో చెబుతుంది గానీ, ఎప్పటివో చెప్పదు. పాత జ్వరానివి కావచ్చు, టీకావి కావచ్చు, దగ్గరి బంధువైన వేరే క్రిమివి కావచ్చు. ఒక్కసారి చేసిన విడాల్ చూసి టైఫాయిడ్ అని యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. బ్లడ్ కల్చర్ చేయిస్తే తేలుతుంది. కాకపోతే రోజులు పడుతుంది, డబ్బూ ఎక్కువే.

వీధికుక్క లోతుగా కరిచినప్పుడు ఆసుపత్రిలో రెండు రకాల ఇంజెక్షన్లు ఎందుకని అడిగేవాళ్లు చాలామంది. టీకా పాఠం చెబుతుంది, పాఠం ఒంటికి పట్టడానికి వారం పది రోజులు కావాలి. రేబీస్ వైరస్‌కు అన్ని రోజులు వదిలిపెట్టకూడదు. అందుకే వేరేచోట తయారైన యాంటీబాడీలను నేరుగా గాయంలోకి ఎక్కిస్తారు. అవి ఎరువు సొమ్ము, కొన్ని వారాల్లో కరిగిపోతాయి. ఆలోపు సొంతవి అందుకుంటాయి. పొలంలో పాముకాటుకు ఇచ్చే మందు కూడా ఇలాంటి ఎరువే, గుర్రాల రక్తం నుంచి తీసినది.

ఇంతమందిని కదిలించడం ఒక ఎత్తు, ఆపడం ఇంకో ఎత్తు. ఆపే కణాలను, అంటే రెగ్యులేటరీ టీ కణాలను జపాన్‌కు చెందిన షిమోన్ సకాగుచి 1995లో చూపించాడు. 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఈ పగ్గం వదులైతే కీళ్లవాతం, సోరియాసిస్, టైప్ 1 షుగర్ లాంటివి రావచ్చు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోమని డాక్టర్లు గట్టిగా చెప్పే మెథోట్రెక్సేట్ మాత్ర సుబ్బారావు ప్రయోగశాలలోని ఫోలిక్ యాసిడ్ పరిశోధనల్లోంచి పుట్టినదే. అది చేసేది ఇమ్యూనిటీని తగ్గించడం. ఆ మాత్ర వాడుతూనే ఇమ్యూనిటీ పెంచే పొడి కూడా కలుపుకు తాగేవాళ్లున్నారు.

2025 ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లో గిలియన్ బారే సిండ్రోమ్ కేసులని వార్తలొచ్చినప్పుడు అదేదో కొత్త అంటువ్యాధి అనుకుని జనం భయపడ్డారు. అది ఒకరి నుంచి ఒకరికి అంటదు. విరేచనాలో, జలుబో తగ్గిన ఒకటి రెండు వారాలకు, ఆ క్రిమి మీద తయారైన యాంటీబాడీలు పోలికను చూసి మోసపోయి నరాలను పట్టుకుంటాయి. కాళ్లలో మొదలైన బలహీనత పైకి పాకుతుంది, ఊపిరి కండరాల దాకా వెళ్తే వెంటిలేటర్ కావాలి. అప్పుడు ఇచ్చే ఐవీఐజీ కూడా యాంటీబాడీలే, వేలమంది దాతల ప్లాస్మా (రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవం) నుంచి వేరుచేసిన ఐజీజీ. మామూలు మోతాదు కిలోకు రోజుకు 0.4 గ్రాములు, అయిదు రోజులు. 60 కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు, అంటే అయిదు గ్రాముల సీసాలు 24. లీటరు ప్లాస్మాలో ఉండే ఐజీజీ సుమారు 10 గ్రాములు. మనిషి ఒంట్లో ప్లాస్మా మూడు లీటర్లు. నలుగురు మనుషుల ప్లాస్మాలో ఉండేంత యాంటీబాడీ ఆ అయిదు రోజుల్లో ఒక్క మనిషిలోకి ఎక్కుతుంది, అతని సొంత యాంటీబాడీలను నిలువరించడానికి.